పాటలు తీసేసి శంకరాభరణం వేద్దామనుకున్నాను

పోయిన వేసవిలో మా కాలనీవాళ్ళు నన్ను ఇరికించారు. జూన్ 4 బాలుగారి పుట్టినరోజు కదా, ప్రతిసారీ ఆయన పాటలు నాలుగు పాడి పులిహోర పంచుకుని ఇంటికి పోవడమేనా, ఈసారి 'శంకరాభరణం' నాటకంగా వేద్దాం అన్నారు. బాలుగారు మా నెల్లూరాయన. తిప్పరాజువారి వీధిలోని తాతల నాటి ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు, ఆ పక్కగా పోయినప్పుడల్లా మా అమ్మ బండి మీద కూర్చునే దండం పెట్టుకుంటుంది. ఆయనకి మొదటి జాతీయ అవార్డు వచ్చింది కూడా ఈ సినిమాకే. అందుకని సినిమా ఏది అనేదాని మీద ఎవరూ నోరెత్తలేదు. రాసేదెవరు అనేసరికి మాత్రం అందరూ నావైపు చూశారు, కాలేజీలో రెండు నాటికలు రాశానని ఎప్పుడో గొప్పగా చెప్పుకున్న పాపానికి.

నాకిచ్చిన టైము 45 నిమిషాలు. సినిమా ఏమో రెండు గంటలు దాటి ఉంటుంది. నేను చేసిన మొదటి పని, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, పాటలన్నీ కొట్టేయడం. చిన్నప్పుడు మా ఇంట్లో అద్దె వీసీఆర్ తెచ్చి సినిమా వేస్తే పాట రాగానే ముందుకు తోసేవాళ్ళం, కథకి ఏ నష్టమూ వచ్చేది కాదు, ఆ అలవాటు అనుకోండి. పాటలు పోతే మిగిలిన కథ 45 నిమిషాల్లో హాయిగా సర్దుకుంది. పైగా మావాళ్ళలో సరిగ్గా పాడేవాళ్ళు ఒక్కరూ లేరు. కథలో పెద్ద సంగీత విద్వాంసుడైన శంకరశాస్త్రిగారి వేషం మా బాబాయ్‌ది, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, గొంతు విప్పితే ట్రంకు రోడ్డు అవతలికి వినిపిస్తుంది గానీ శ్రుతితో ఆయనకి పరిచయం లేదు.

మొదటి రీడింగ్ మా డాబా మీద పెట్టుకున్నాం, రాత్రి ఎనిమిదింటికి, దోమల మధ్య. పెళ్ళిచూపుల సీను వచ్చింది. శాస్త్రిగారి కూతురు శారద పాడుతూ ఒక స్వరం తప్పుతుంది, శాస్త్రిగారు మండిపడతారు, సంబంధం వద్దంటారు. మా బాబాయ్ తన లైను చదివాడు. అందరూ నవ్వారు, అదీ ముసిముసిగా కాదు, పొట్ట పట్టుకుని.

శారద వేషం వేసే అమ్మాయి ఇంటర్ సెకండియర్. "అంకుల్, ఒక్క స్వరం తప్పితే పెళ్ళి ఆపేస్తాడా? నాకు ఫిజిక్స్ పోయినప్పుడు కూడా మా నాన్న ఇంత చేయలేదు. ఈయనకేమన్నా తిక్కా?" అంది.

నాకు కోపం వచ్చింది. అంత పెద్ద సినిమాని అంత మాటంటావా అనిపించింది. కానీ నేను రాసిన కాగితం తిరగేసి చదువుకుంటే ఆ పిల్ల అన్నది నిజమే. నా స్క్రిప్టులో ఉన్నది తిక్కాయనే.

సరే అని ఇంటికొచ్చి ఆయనకి అరపేజీ డైలాగు రాశాను. సంగీతం అంటే తనకేమిటో, ఎన్నేళ్ళ సాధనో, గురువుగారికిచ్చిన మాటేమిటో (ఆ గురువుగారి మాట నేను కల్పించిందే, సినిమాలో లేదు), అవన్నీ ఆయన నోటితోనే చెప్పించాను. రెండో రీడింగ్ ఇంకా ఘోరం. ఎవరూ నవ్వలేదు, అదొక్కటే తేడా. మా బాబాయ్ ఆ అరపేజీ చదువుతుంటే ఏదో దాచిపెట్టి సంజాయిషీ చెప్పుకుంటున్నవాడిలా ఉన్నాడు, చెప్పేకొద్దీ అనుమానం పెరిగింది. పదిరోజులు అట్లా మూడు రకాలుగా రాసి మూడూ చించేశాను. ఒక దాంట్లో అయితే పెళ్ళికొడుకు తరఫువాళ్ళ చేత సంగీతాన్ని వెటకారం చేయించాను, ఆయన కోపానికి ఇంకో కారణం దొరుకుతుందని. అప్పుడు ఆయన మామూలు ఆత్మాభిమానం ఉన్న మామగారైపోయాడు, శంకరశాస్త్రి ఎటు పోయాడో తెలియలేదు.

చివరికి మూలాపేటలో పిల్లకాయలకి వయొలిన్ నేర్పే ఒక మేడమ్ దగ్గరికి పోయాను. సమస్య చెప్పాను. ఆవిడ కాగితాలు చూడనేలేదు. "పాట తీసేశావా?" అని అడిగి, తీసేశానంటే నావైపు జాలిగా చూసి, అక్కడే హిందోళం రాగం ఆరోహణ అవరోహణ, అంటే స్వరాలు ఎక్కే వరుసా దిగే వరుసా, పాడారు. అందులో ఉండేవి ఐదే స్వరాలు, స గ మ ద ని. రిషభం (రి), పంచమం (ప) ఉండవు. అదే రెండు మూడుసార్లు పాడి మా చెవికి అలవాటు చేశారు. తర్వాత ఏమీ చెప్పకుండా, మధ్యలో ఒక్క రిషభం వేశారు. నాకు సంగీతం ఓనమాలు రావు. అయినా తల దానంతట అదే తిరిగింది. మూల కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న పిల్లాడు కూడా తలెత్తి చూశాడు.

అప్పుడు ఇంటికొచ్చి ఆ సీను ఫోనులో మళ్ళీ చూశాను, ఈసారి ముందుకు తోయకుండా. శారద 'సామజవరగమన' మొదలుపెడుతుంది, అది హిందోళంలో త్యాగరాజస్వామి కీర్తన మొదటి మాట, దాన్ని ఎత్తుకుని వేటూరిగారు వేరే పాట అల్లారు. పాడుతూ పాడుతూ ఆ అమ్మాయి ఎదురుగా ఉన్న అబ్బాయి తలపుల్లోకి జారిపోతుంది, మనమూ ఆమెతో పాటే వెళ్ళిపోతాం, పాట కమ్మగా సాగుతుంటుంది, ఇంతలో రాగంలో లేని రిషభం పడుతుంది, తండ్రి గర్జిస్తాడు. ఇక్కడ ఒక పాట రెండు పనులు చేస్తోంది. ఆమె ఎందుకు తప్పిందో అదే చెబుతోంది, ఆయన ఎందుకు ఓర్చుకోలేకపోయాడో కూడా అదే చెబుతోంది. ఆయన చెవికి తగిలిన దెబ్బ ముందు మన చెవికి తగులుతుంది. ఆ తర్వాత ఆయన పెళ్ళి వద్దంటే మనం ఒప్పుకోకపోవచ్చు, సినిమా కూడా ఒప్పుకోదు, తర్వాత ఆయనే తన పొరపాటు తెలుసుకుని ఆ పెళ్ళి చేస్తాడు. కానీ ఆ నిమిషంలో ఈ మనిషి ఇట్లాగే చేస్తాడని నమ్ముతాం. నేను అరపేజీ డైలాగుతో చేయలేకపోయింది ఒక్క రిషభం చేసింది.

అరపేజీ కొట్టేశాను. పాట పెట్టాను. టైము కోసం లాయరు మాధవయ్య కామెడీ అంతా తీసేశాను, దానికి ఆ వేషం వేసే మా ఎలక్ట్రికల్ షాపాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. మేడమ్ ఆ ఇంటర్ పిల్లని రోజూ సాయంత్రం కూర్చోబెట్టి పల్లవి ఒక్కటీ, కాసిని స్వరాలూ నేర్పారు. తప్పు స్వరం సరిగ్గా పలకడానికి పది రోజులు పట్టింది, అది వేరే కథ. ముందు ఒప్పులన్నీ నిలబడితే గానీ తప్పు తప్పులా వినిపించదట.

తులసి దగ్గర ఇంకో చిక్కు. కథలో ఆమె వేశ్య ఇంట పుట్టి, శాస్త్రిగారి సంగీతాన్నే దైవంగా కొలిచే నాట్యకత్తె. ఆ వేషం వేసే అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది, కూచిపూడి వచ్చు, తిరిగి మాట్లాడే రకం. తులసికి నీడ ఇచ్చినందుకు శాస్త్రిగారిని ఊరు వెలేసినంత పని చేస్తుంది, ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. "ఒక్క మాట చెప్పకుండా ఎట్లా పోతుంది సార్? కనీసం ఉత్తరమన్నా రాయదా?" అంది. నాకూ సబబే అనిపించి ఉత్తరం రాశాను. ఆమె దాన్ని చదువుతుంటే తులసి కాస్తా సీరియల్ కోడలైపోయింది. సినిమాలో వాళ్ళిద్దరి మధ్య మాటలు దాదాపు ఉండవు. ఆయన పాడతాడు, ఆమె ఒళ్ళు మరిచి ఆడుతుంది, అంతే వాళ్ళ సంభాషణ. అలాంటి మనిషి ఉత్తరం రాస్తుందా?

అయినా అమ్మాయి అనుమానం తీరలేదు, నాకూ తీరలేదు. తీరా చూస్తే తప్పు నాదే. స్టేజీ మీద మనుషులు మారడానికి వీలుగా ఉంటుందని సీన్లు అటూ ఇటూ చేశాను, తులసి ముందు వెళ్ళిపోతుంది, తర్వాత పక్కవాద్యాలవాళ్ళు శాస్త్రిగారికి వాయించం అని లేచిపోతారు. అసలు వరుస తిరగేసి ఉంటుంది. తన వల్ల ఆయన కచేరీ ఆగిపోవడం ఆమె ముందు చూడాలి. ఏ పాట కోసం ఆ గడపలోకి వచ్చిందో ఆ పాటకే తాను అడ్డమైందని తెలిశాక ఇంక ఉత్తరం ఎందుకు? వరుస సరిచేశాం. మృదంగం ముందు పెట్టుకున్న పిల్లోడు లేచి నడిచిపోతుంటే ఆ అమ్మాయి చూసిన చూపుకి డాబా మీద ఎవరూ దోమని కూడా కొట్టలేదు.

తులసి కొడుకు సంగతి మా అమ్మ తేల్చింది. పదేళ్ళు పెంచిన సొంత బిడ్డని అనాథ అని చెప్పించి శాస్త్రిగారి ఇంట్లో ఏ తల్లన్నా వదులుతుందా అని రిహార్సల్లో అందరం గొడవపడుతుంటే, టీ గ్లాసులు తీసుకుపోతూ, "ఆ బిడ్డ ఎట్లా పుట్టాడో మర్చిపోయారా? బలవంతం చేసినోడి వల్ల పుట్టాడు. విషం అనుకున్నదాన్ని తీసుకెళ్ళి శివుడి మెళ్ళో వేసింది. సినిమా పేరేంది మరి?" అని లోపలికి పోయింది. శంకరుడి ఆభరణం పాము. శంకరాభరణం అనేది ఒక రాగం పేరు కూడా కాబట్టి ఇన్నేళ్ళూ నేను రాగం దగ్గరే ఆగిపోయాను. మా అమ్మ ఐదో తరగతి. ఆ మాటని యథాతథంగా తులసికి పెట్టేద్దామా అనుకుని, అరపేజీ గుర్తొచ్చి మానేశాను.

ఒక్క చోట మాత్రం సినిమాతో నాకు ఇప్పటికీ పేచీయే. చివర కచేరీలో శాస్త్రిగారు పాడుతూ కూలిపోతే పిల్లవాడు అందుకుని పాట పూర్తి చేస్తాడు, ఆయన తన గండపెండేరం, అంటే విద్వాంసులకి గౌరవంగా కాలికి తొడిగే కడియం, వాడికి తొడిగి కన్నుమూస్తాడు. అంతవరకూ కళ్ళు తుడుచుకుంటూ చూస్తాను. వెంటనే తులసి కూడా ఆయన పాదాల దగ్గర ప్రాణం వదిలేస్తుంది. ఎందుకు? పెంచాల్సిన కొడుకు పక్కనే ఉన్నాడు, వాడు ఇప్పుడే గెలిచాడు. అంత దెబ్బ తిని, పదేళ్ళు నిలబడి, ఆయన కోసం సొంత డబ్బుతో కచేరీ పెట్టించిన మనిషి ఉన్నట్టుండి ఎట్లా పోతుంది? మిగతా ప్రతి మలుపుకీ పాట తోడుగా వచ్చింది, దీనికి మాత్రం పాట అప్పటికే అయిపోయింది. మా నాటకంలో తులసిని చంపలేదు. పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడుతుంది, తెర పడుతుంది.

జూన్ 4 రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది, మా బాబాయ్ ఒకచోట పదిహేను సెకన్లు లైను మర్చిపోయాడు, వెనక స్పీకరులో బాలుగారి గొంతు వస్తుంటే పెదాలు కదపడం ఆపేసి ఆయనే వింటూ నిలబడ్డాడు. పెళ్ళిచూపుల సీను రాగానే నేను స్టేజీ పక్కనుంచి జనాన్ని చూస్తున్నాను. పిల్ల రిషభం వేసింది. మా బాబాయ్ అరవబోయే ముందే మూడో వరుసలో ఒక పెద్దాయన, పల్లీలు తింటున్నవాడు, చెయ్యి నోటి దగ్గర ఆపేసి తలెత్తాడు.

రాత్రి బండి మీద ఇంటికి వస్తుంటే మా అమ్మ మినీ బైపాస్ దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంతా బానే ఉంది గానీ తులసిని ఎందుకు బతికించావురా?" అంది. కొడుకు ఉన్నాడు కదమ్మా అన్నాను. "కొడుకుని అప్పజెప్పేసింది కదా, ఇంకేం పనుంది దానికి?" అంది. నేను మళ్ళీ ఏదో చెప్పబోతే, "నువ్వు పాట సరిగ్గా వినలేదు, ఇంటికి పోయాక మళ్ళీ పెట్టు" అంది. రాత్రి పన్నెండింటికి పెట్టాం. నేను ఇంకా ఒప్పుకోలేదు.