పులి మేక ఆటను జనంలోకి తీసుకెళ్లే పని: ఎంతవరకు వచ్చింది

ఆట తయారై చాలా రోజులైంది. కాబట్టి ఈసారి కోడ్ గురించి పెద్దగా ఏమీ ఉండదు. దాన్ని నలుగురి దగ్గరికి చేర్చే పని ఎంతవరకు వచ్చింది, ఏది అక్కరకొచ్చింది, ఏది దండగ అన్నదే రాస్తున్నా. కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కలు: నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు, ఆదివారాలు గోడో ఇంజిన్‌లో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తయారుచేసిన పులి మేక ఆట ఇది. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే చోట్లు 23. పులులు మేకల్ని తినాలి, మేకలు పులుల్ని కదలనివ్వకుండా కట్టెయ్యాలి. బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, యాడ్స్ రావు, లాగిన్ అడగదు.

"ఊరికే ఇస్తే ఎవరైనా ఆడతారులే" అన్నది మా ఆఫీసులో అందరి మాట. నాకు అలా అనిపించదు. ఫోన్ నిండా ఊరికే వచ్చే ఆటలే కదా, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌తో సహా. పేరు తెలియనివాడి ఆట కోసం మనిషి పెట్టేది డబ్బు కాదు, అయిదు నిమిషాల టైమ్, కాస్త డేటా, కాస్త నమ్మకం. ఇందులో ఏది ఎక్కువ అడిగినా పక్క వీడియోకి పోతాడు. నేను ఇన్నాళ్లూ చేసిన పనిలో సగం ఈ మూడింటినీ తగ్గించడమే.

ముందు ఎక్కడ పెట్టాలన్నది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒక ఆటకు వంద డాలర్ల ఫీజు. ఆ ఆట వెయ్యి డాలర్లు సంపాదిస్తే ఆ ఫీజు తిరిగిస్తారు. ఉచిత ఆటకు ఆ రోజు రాదు. పైగా మన ఆట ఆడేవాళ్లు కంప్యూటర్ ముందు కూర్చునే రకం కాదు. ప్లే స్టోర్ ఫీజు పాతిక డాలర్లు, ఒక్కసారే. కానీ 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఇంకో షరతు ఉంది: పన్నెండు మంది టెస్టర్లు వరుసగా పద్నాలుగు రోజులు టెస్టింగ్‌లో చేరి ఉండాలి. మొదట్లో ఇరవై మంది అనేవాళ్లు, 2024 చివర్లో పన్నెండుకు తగ్గించారు. పన్నెండు మందిని పట్టుకోవడం కష్టం కాదు. మధ్యలో బయటికి పోకుండా చూసుకోవడమే పని. మా బావమరిది రెండు ఫోన్లు మారుస్తాడు, ఆయన్ని లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది. అందుకని ప్లే స్టోర్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టి ఇచ్ డాట్ ఐఓలో (చిన్న తయారీదారులు తమ ఆటలు పెట్టుకునే సైట్) పెట్టాను. అక్కడ ఫీజు లేదు, వెబ్ ఎగుమతిని (బ్రౌజర్‌లో ఆడేలా గోడో తీసిచ్చే ఫైళ్లను) జిప్ చేసి ఎక్కిస్తే పేజీలోనే ఆడుతుంది.

ఏపీకే ఫైల్‌ను, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌ను, నేరుగా వాట్సాప్‌లో పంపమని చాలామంది సలహా ఇచ్చారు. ఈ రోజుల్లో అది పనికిరాదు. పెళ్లిపత్రిక అని, ట్రాఫిక్ చలానా అని, బ్యాంకు కేవైసీ అని ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాల గురించి పోలీసులు ఎప్పటికప్పుడు హెచ్చరిస్తూనే ఉన్నారు. అలాంటప్పుడు ముక్కూ మొహం తెలియని నేను "ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అంటే ఎవరు చేసుకుంటారు? చేసుకోకపోవడమే మంచిది కూడా. లింక్ నొక్కితే ఆట రావాలి, అంతకుమించి ఏమీ అడగకూడదు.

లింక్ నొక్కినా ఆట వచ్చేలోపు జరిగే తతంగం చాలా ఉంది. గోడో 4లో తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా కలుస్తాయి. గోడో 3లో విడివిడిగా పడేవి. అయితే ఎడిటర్‌లో తెలుగు చక్కగా కనిపించినా వెబ్‌కి వచ్చేసరికి అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి. కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్లను వెబ్ వెర్షన్ వాడుకోలేదు. ఫాంట్ ఫైల్‌ను ప్రాజెక్టులోనే పెట్టాలి. నేను నోటో సాన్స్ తెలుగు పెట్టాను, ఉచితం, లైసెన్స్ తలనొప్పి లేదు. ఇంజిన్ 4.3 వెర్షన్ నుంచి థ్రెడ్స్ (ఒకేసారి పలు పనులు నడిపే ఏర్పాటు) లేకుండా ఎగుమతి చేసే వీలుంది. ఐఫోన్‌లో ఇబ్బంది లేకుండా తెరుచుకోవాలంటే అదే వాడాలి. ఇంజిన్ ఫైల్ కుదించక ముందు ముప్పై ఎంబీ పైనే ఉంటుంది. మన ఆటలో త్రీడీ లేదు కాబట్టి అది తీసేసి ఇంజిన్‌ను సొంతంగా కంపైల్ చేస్తే, అంటే దాని కోడ్ నుంచి మళ్లీ తయారుచేసుకుంటే, తగ్గుతుంది. ఒక రాత్రి పడుతుంది, కానీ చెయ్యదగ్గ పని. ఇంకొకటి, బ్రౌజర్ మనం వేలు పెట్టేదాకా శబ్దం రానివ్వదు. అందుకే మొదట "ఆడదాం" అన్న ఒక్క బటన్ మాత్రం పెట్టాను. అది నొక్కగానే నేరుగా పటమే వస్తుంది. మెనూ, లోగో, నా పేరు ఏమీ మధ్యలో రావు.

ఇచ్ పేజీలో ధర దగ్గర "డబ్బులు వద్దు" అన్నది ఎంచుకున్నా. "సున్నా లేదా విరాళం" అని పెడితే డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లకు ముందు డబ్బు అడిగే పెట్టె వస్తుంది. అవతలివాడు అది చూసి "ఓహో, ఇదా సంగతి" అనుకుని వెనక్కిపోతాడు. కవర్ బొమ్మకు వాళ్లు చెప్పే సైజు 630కి 500. వాట్సాప్‌లో లింక్ కింద కనిపించేది కూడా ఆ బొమ్మే, అదీ గోరంత సైజులో. దాని మీద పేరు రాస్తే చదవలేం. మేకల మధ్య చిక్కుకుని కదల్లేని పులి ఒక్కటే వేశాను. ఆ ఆట తెలిసినవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. తెలియనివాళ్లకు కనీసం "ఇదేంది బ్బా, మేకలు పులిని పట్టుకున్నాయి?" అనిపిస్తుంది.

పేరు విషయం మాత్రం కూర్చుని ఆలోచించాను. 2022లో జిల్లా మూడు ముక్కలైనా మా ఉమ్మడి చిత్తూరు మనుషులు మారలేదు కదా. నగరి వైపు పోతే తమిళం, కుప్పంలో తమిళం, కన్నడం రెండూ వినిపిస్తాయి. పటం ఒకటే, వెతికే మాట వేరు. తమిళం వాళ్లు "ఆడు పులి ఆట్టం" అని కొడతారు, కన్నడం వాళ్లు "ఆడు హులి" అని. నేపాల్‌లో దీని చుట్టం లాంటి ఆట బాగ్‌చాల్ ఉంది, దానికి నాలుగు పులులు, ఇరవై మేకలు, చదరపు పటం మీద 25 చోట్లు. ప్రపంచంలో ఈ రకం ఆటల్లో ఎక్కువ పేరున్నది అదే. అందుకని పేజీ పేరు తెలుగులోనే ఉంచి, కింద వివరణలో మిగతా పేర్లన్నీ మామూలు వాక్యాల్లో వచ్చేలా రాశాను. ట్యాగుల్లో "బోర్డు గేమ్", "టచ్‌తో ఆడొచ్చు", "ఇద్దరు ఒకే ఫోన్‌లో" లాంటివి వాడాను. "ఇండీ", "ఫన్" లాంటి ట్యాగులు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. ఆ సముద్రంలో మన పేజీ ఎవరికీ కనపడదు.

ఇంతా చేసి "నా ఆట ఆడండి" అని వాట్సాప్ గ్రూపుల్లో పెడితే వచ్చేది బొటనవేలి బొమ్మలు, నమస్కారాలు. ఆడేవాళ్లు కొద్దిమంది. కాలేజీ స్నేహితుల గ్రూపులో అయితే పది నిమిషాల్లో ఎవరో గుడ్ నైట్ బొమ్మ పెట్టారు, నా లింక్ పైకి వెళ్లిపోయింది.

కదలిక తెచ్చింది వేరే విషయం. మా ఆఫీసు మిత్రుడి పెదనాన్న పుత్తూరులో ఉంటారు. ఆయన ఆడి వాయిస్ మెసేజ్ పంపారు: "ఏం నాయనా, అయిదు మేకలు పోతే ఆట అయిపాయనంటావే? ఎవురు చెప్పినారు నీకు? మా ఊళ్లో అట్లా లేదు." ఆ మెసేజ్‌ను ఆయన అనుమతితో మా మిత్రుడు వాళ్ల చుట్టాల గ్రూపులో పెట్టాడు. అంతే, మొదలైంది గొడవ. ఒకాయన ఆరు అంటారు, ఒకావిడ పది అంటుంది, ఇంకొకరు అసలు లెక్కే లేదు, మేకలన్నీ పోవాల్సిందే అంటారు. మేకలన్నీ పెట్టేలోపు పులి కదలొచ్చా, కదిలినా తినొచ్చా అన్నది ఇంకో తగాదా. నిజానికి ఈ ఆటకు ఊరికో లెక్క ఉంది. పుస్తకంలో అచ్చేసిన ఒకే రూలు లేదు. తగాదా పడ్డవాళ్లందరూ లింక్ నొక్కారు, ఎందుకంటే నేను ఏం పెట్టానో చూసి తప్పు పట్టాలి కదా!

ఆ తర్వాత నా పద్ధతి మార్చేశాను. ఇప్పుడు ఎక్కడ పంచుకున్నా మొదటి వాక్యం "మీ ఊళ్లో ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టు?" అన్నదే. లింక్ రెండో వరసలో. ఆటలోనూ "మా ఊరి రూలు" అని ఒక సెట్టింగ్ చేర్చాను: ఎన్ని మేకలు, మేకలు పెట్టేటప్పుడు పులి తినొచ్చా లేదా. ఆ రూలుతోనే లింక్ తయారవుతుంది, తమ్ముడికి పంపితే తమ్ముడి ఫోన్‌లో కూడా అదే రూలు. ఒక వారాంతం పని. నేను చేసిన ప్రచారమంతటిలో విలువైనది ఇదే అని నా నమ్మకం, అది అసలు ప్రచారంలా కనిపించదు కూడా.

పోస్టర్ విషయంలోనూ ఇదే దారి. ఏ3 సైజు కాగితం మీద పటాన్నే పెద్దగా వేశాను, క్యూఆర్ ఒక మూలకు. పోస్టర్ మీదే ఆడుకోవచ్చు. మేకలకు చింతపిక్కలు, పులులకు గులకరాళ్లు. లామినేషన్ చేయించి యూనివర్సిటీ దగ్గర టీ అంగడిలో బల్ల మీద పెట్టమని అడిగితే అన్న ఒప్పుకున్నాడు, టీ గ్లాసులు కూడా దాని మీదే పెడుతున్నాడు, పర్లేదు. వినాయక సాగర్‌లో వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ల బ్యాచ్‌కి ఒకటి ఇచ్చాను. క్యూఆర్ గురించి రెండు మాటలు: తప్పులు సరిదిద్దుకునే స్థాయి "హెచ్" పెట్టుకోండి, దాదాపు ముప్పై శాతం చెరిగినా స్కాన్ అవుతుంది, టీ మరకలకు అవసరమే. ఉచితంగా "డైనమిక్" క్యూఆర్ ఇస్తామనే సైట్ల జోలికి పోవద్దు, అది వాళ్ల సైట్ మీదుగా పోతుంది, గడువైపోతే పోస్టర్ చచ్చినట్టే. లింక్‌ను నేరుగా అచ్చు వేసే మామూలు క్యూఆర్ చాలు. కొండకు వచ్చే యాత్రికులకు కరపత్రాలు పంచమని ఒకరు అన్నారు. దర్శనం టెన్షన్‌లో ఉన్నవాళ్ల చేతిలో ఆట కాగితం పెట్టడం నాకు నచ్చదు.

వీడియోల సంగతి. తెలుగు గేమింగ్ ఛానళ్లలో పెద్దవి ఎక్కువగా తుపాకుల ఆటల మీదే నడుస్తాయి. వాళ్లకు మెయిల్ రాయడం ఇద్దరికీ టైమ్ దండగ. నేనే షార్ట్స్ చేస్తున్నా, నిలువుగా, 1080కి 1920. మూడు నిమిషాల దాకా అనుమతి ఉన్నా పావు నిమిషం దాటనివ్వను. ప్రతిదీ ఒక చిక్కుముడి: "మేకల వంతు. ఒక్క ఎత్తుతో పులిని కట్టేయండి." జవాబు చూపించను. కామెంట్లలో తప్పు జవాబులు వచ్చేకొద్దీ నాకు సంతోషం. సినిమా పాట పెట్టను, కాపీరైట్ గొడవ. కాయ బండ మీద పడ్డ చప్పుడు చాలు, అది మా ఇంటి మెట్ల మీద ఫోన్‌తో రికార్డు చేసిందే.

మెయిల్స్ రాసేది పాత ఆటల మీద ప్రేమ ఉన్నవాళ్లకు. చెన్నైలో క్రీడ సంస్థ సంప్రదాయ ఆటలను తయారుచేసి అమ్ముతోంది. మైసూరులో రామ్‌సన్స్ కళా ప్రతిష్ఠాన పాత ఆటపటాల ప్రదర్శనలు పెడుతుంది. అంటే ఈ ఆటలు వెతుక్కునేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఎక్కడ మాట్లాడుకుంటారో వెతకాలి. బడిలో పాత ఆటలు నేర్పే టీచర్లు, బోర్డుగేమ్‌గీక్ అనే బోర్డు ఆటల సైట్‌లో బాగ్‌చాల్ గురించి రాసేవాళ్లు నా జాబితాలో ఉన్నారు. మెయిల్ అయిదు వరసలు దాటదు: ఏం ఆట, లింక్, ఒక చిన్న జిఫ్ బొమ్మ, ఉచితం, వాళ్ల రూలు అడిగే ఒక ప్రశ్న. ప్రెస్ కిట్ (ఆట గురించి రాసేవాళ్లకు ఇచ్చే సరంజామా) అని పెద్దగా ఏమీ లేదు, ఒక ఫోల్డర్‌లో స్క్రీన్‌షాట్లు, కవర్, రెండు పేరాల పరిచయం.

లెక్కలు చూడటంలో ఒక తిరకాసు ఉంది. ఇచ్ పేజీ చూసినవాళ్లు ఎందరు, నిజంగా ఆట తెరిచినవాళ్లు ఎందరు అన్నది విడివిడిగా చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య తేడానే నేను చూసుకునేది. చూశారు కానీ ఆడలేదంటే లోపం పేజీలో ఉంది, ఆడి వెంటనే పోయారంటే ఆటలో. అయితే వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది సాధారణంగా కనపడదు. అందుకని గిట్‌హబ్ పేజెస్‌లో (ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకునే చోటు) చిన్న దారిమళ్లింపు పేజీలు పెట్టాను, పోస్టర్‌కు ఒకటి, షార్ట్స్‌కు ఒకటి, వాట్సాప్‌కు ఒకటి. వాటికి ఎందరొచ్చారో గోట్‌కౌంటర్ అనే సర్వీసు లెక్క పెడుతుంది. మేకల ఆటకు తగిన పేరే. మనిషి వివరాలేవీ పోగు చెయ్యదు, చిన్న సైట్లకు ఉచితం. ఇప్పటివరకు చూస్తే టీ అంగడి పోస్టర్ ద్వారా వచ్చేవాళ్లు తక్కువే గానీ, వచ్చినవాళ్లు ఆట పూర్తి చేసి పోతున్నారు. షార్ట్స్ నుంచి వచ్చేవాళ్లు అలా కాదు, వేలు పెట్టి చూసి పోతారు.

గేమ్ జామ్‌లలో, అంటే కొద్ది రోజుల్లో ఆట తయారుచేసే పోటీల్లో, చేరమని తెలిసినవాళ్లు అంటున్నారు. అలాంటిదే లూడమ్ డేర్, 2002 నుంచి నడుస్తోంది. అక్కడ ఇతరుల ఆటలు ఆడి మార్కులు వేస్తే మన ఆట కూడా ఎక్కువమందికి కనిపిస్తుంది, ఆ పద్ధతి న్యాయంగా ఉంది. కానీ అక్కడ కొత్త ఆట చెయ్యాలి, ఇదివరకే ఉన్నదాన్ని పెట్టకూడదు. వచ్చే ఏడాది చూద్దాం.

ఇక మిగిలినవి. మొదటి ఆటలోనే కంప్యూటర్ పులి చితక్కొడుతోందని ఫిర్యాదులు వచ్చాయి. కొత్తవాళ్లకు మొదటి రెండు ఆటల్లో అది కావాలని ఒకటి రెండు చెడ్డ ఎత్తులు వేసేలా మార్చాలి. ఆటలోని తమిళం మాటలు పుత్తూరు పెద్దాయన కోడలు సరిచూస్తోంది. అవి రాగానే నగరి వైపు పెట్టడానికి తమిళం పోస్టర్ ప్రింట్‌కి ఇస్తా. కన్నడానికి ఇంకా ఎవరూ దొరకలేదు, కుప్పంలో తెలిసినవాళ్లుంటే చెప్పండి. బాగ్‌చాల్ పటం కూడా చేర్చమని అడుగుతున్నారు, అది మాత్రం ఇప్పట్లో చెయ్యను. మీ ఊళ్లో ఎన్ని మేకలకు ఆట అయిపోతుందో, ఊరి పేరుతో సహా రాయండి, సెట్టింగ్‌లో చేరుస్తా.