మాడుకు ఆముదం, తలకు హెల్మెట్

బిడ్డ తల వెనక చదునైందని అమెరికాలో డాక్టర్ తల ఆకారం సరిదిద్దే హెల్మెట్ రాస్తే, దాని ఆలనాపాలనా చాలా ఇళ్లలో గుంటూరు నుంచో విజయవాడ నుంచో విజిటర్ వీసా మీద వెళ్లిన అమ్మమ్మకో నాయనమ్మకో వచ్చి పడుతుంది. తల్లీ తండ్రీ ఉద్యోగాలకు పోతారు కదా. మామూలుగా రోజుకు 23 గంటలు అది తల మీదే ఉండాలి. మిగిలిన ఆ గంటలోనే స్నానం, శుభ్రం అన్నీ.

హెల్మెట్ కంపు కొడుతోందంటే, ఆ వాసన ప్లాస్టిక్‌ది కాదు. లోపలి ఫోమ్‌కు పట్టిన చెమట, జిడ్డు, రాలిన చర్మంలో బ్యాక్టీరియా పెరిగి ముక్కిపోయిన వాసన కొడుతుంది. మన ఇళ్లలో దీనికి మాడుకు పెట్టే ఆముదం తోడవుతుంది. హెల్మెట్ ఉన్నన్నాళ్లూ తలకు చుక్క నూనె వద్దు, పౌడరూ వద్దు. నూనె ఫోమ్‌లోకి ఇంకితే ఎంత తుడిచినా పూర్తిగా పోదు. పౌడరు చెమటకు ముద్దకట్టి చర్మాన్ని ఒరుస్తుంది. మర్దన మానలేమంటే మెడ దగ్గర ఆపేయండి.

హెల్మెట్ తీయగానే ముందు దాన్ని తుడిచి ఫ్యాను కింద పెట్టి, ఆ తర్వాతే బిడ్డకు నీళ్లు పోయండి. స్నానం అయ్యేలోగా అది ఆరుతుంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే స్పిరిట్‌తో మెత్తని గుడ్డ తడిపి లోపలంతా తుడవాలి. చెవుల దగ్గర వంపులో, మెడ వెనక అంచున తెల్లగా పాచిలా పేరుకుంటుంది. అక్కడ మెత్తని కొత్త టూత్‌బ్రష్ వాడండి. కొన్ని రకాలకు బేబీ షాంపూనే వాడమంటారు, ఇచ్చిన కాగితంలో ఏముంటే అదే చేయండి. నీళ్లలో నానబెట్టొద్దు. హెయిర్ డ్రయ్యర్ వేడికీ, ఎండలో మూసి ఉంచిన కారులోనూ ఆకారం చెడుతుంది. శానిటైజర్ జెల్ జిగురు మిగులుస్తుంది.

స్పిరిట్ వాసన పూర్తిగా పోయి, బిడ్డ జుట్టు పొడిగా ఆరాకే పెట్టాలి. తడి మీద పెడితే చర్మం మండుతుంది, చెమటకాయలూ లేస్తాయి. ఇక సాంబ్రాణి! పొగ ఫోమ్‌కు పడుతుంది సరే, స్పిరిట్ సీసా ఉన్న గదిలో నిప్పులేమిటి?

తీసినప్పుడల్లా తల చూడండి. ఎరుపు గంటలోపు తగ్గకపోయినా, పొక్కినా హెల్మెట్ పక్కనపెట్టి, దాన్ని అమర్చే నిపుణుడికి (ఆర్థోటిస్ట్) ఫోన్ చేయాలి.

మే నెలలో బెజవాడ ప్రయాణం వాయిదా వేసుకుంటేనే నయం. ఆ ఉక్కపోతకు తోడు, పెరిగే తలకు తగ్గట్టు హెల్మెట్ సర్దించే అపాయింట్‌మెంట్లూ పోతాయి. రాక తప్పకపోతే ఏసీ గది చూసుకోండి, మధ్యాహ్నం ఒకసారి తీసి చెమట తుడిచి, తల ఆరగానే పెట్టండి. సూర్యారావుపేట మందుల షాపుల్లో స్పిరిట్ అడిగేటప్పుడు లేబుల్ మీద ఐసోప్రొపైల్ 70 శాతం అని ఉందో లేదో చదవండి.

పుట్టువెంట్రుకలు కూడా ఈ ప్రయాణంలోనే తీయించాలనుకుంటే, గుండుకు పూసిన గంధం మొత్తం కడగాలి, కత్తి గాట్లు మానాలి. ఆ లోగా హెల్మెట్ ఎన్నాళ్లు ఆపొచ్చో ఆర్థోటిస్ట్‌ను అడిగాకే ముహూర్తం పెట్టించండి.