కడపలో పచ్చసిరా పాఠకుడు

కడప వెళ్తున్నానంటే గండికోటకా, పెద్దదర్గాకా అని అడిగారు. పాత సైన్స్ ఫిక్షన్ పాఠకుల్ని వెతకడానికి అంటే ఒక్కరూ నమ్మలేదు. ఈ పురుగు బుర్రలో దూరడానికి కారణం ఇంగ్లండ్‌లోని లీడ్స్. 1937 జనవరి 3న అక్కడి థియొసాఫికల్ హాల్లో మహా అయితే ఇరవై మంది అభిమానులు చేరి సభ పెట్టుకున్నారు, తర్వాత పెద్ద సైన్స్ ఫిక్షన్ రచయితైన ఆర్థర్ సి. క్లార్క్ వాళ్ళలో ఒకడు, అప్పటికి పందొమ్మిదేళ్ళు. సైన్స్ ఫిక్షన్ సభల్లో అదే మొట్టమొదటిదని చాలామంది అంటారు. (అంతకు కొన్ని నెలల ముందే ఫిలడెల్ఫియాలో కలుసుకున్న అమెరికా వాళ్ళు మాదే ముందంటారు, ఆ పంచాయితీ తెగేది కాదు.) అది లండన్ కాకపోవడమే నాకు నచ్చింది. బట్టల మిల్లుల ఊరు. మరి మన జిల్లా ఊళ్ళలో ఏం జరిగుంటుంది?

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కడపలో దించేసరికి ఇంకా చీకటే. లాడ్జిలో కాసేపు నడుం వాల్చి, ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లిన దోశ తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఏడురోడ్ల దగ్గర ఆటో ఎక్కాను. నేను కలవాల్సింది నా కొలీగ్ వాళ్ళ బాబాయిని, రిటైరైన లెక్కల మాస్టారు. అద్దె పుస్తకాల షాపు మూసేసినప్పుడు కిలోల లెక్కన అమ్ముతుంటే, తను చదివినవన్నీ ఏరి కొనుక్కొచ్చుకున్న మనిషి.

ఆ పుస్తకాలు చూడాలి మీరు. అసలు అట్ట ఎప్పుడో పోయింది, దాని బదులు దళసరి గోధుమరంగు అట్ట వేసి, పక్కనుంచి బొక్కలు పొడిచి పురికొసతో కుట్టేశారు. ఆ కుట్టు వల్ల ప్రతి వరుసలో మొదటి అక్షరం లోపలికి పోయి కనపడదు. అంచుల నిండా పాఠకుల రాతలే. కాలంలో వెనక్కి వెళ్ళే కథ ఒకటి తీశాను. హీరో గతంలోకి దిగగానే పచ్చసిరాతో ఒకాయన, "వీడు వాళ్ళ తాత పెళ్ళి ఆపితే వీడెలా పుడతాడు?" కింద పెన్సిల్‌తో ఇంకొకరు, "రచయితనడుగు, నన్ను కాదు." ఆఖర్న నీలం సిరా: "చివరి పేజీ చింపినోడు ఈ జన్మలో బాగుపడడు." నిజంగానే చివరి పేజీ లేదు.

"ఆ పెన్సిలు నేనే నాయనా" అన్నారు మాస్టారు.

అమెరికాలో అభిమానుల గుంపు తయారైంది కూడా ఇలాంటి రాతల వల్లే. 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ పెట్టిన 'అమేజింగ్ స్టోరీస్' పత్రిక, ఉత్తరం రాసినవాళ్ళ పూర్తి చిరునామా అచ్చేసేది. దాంతో వాళ్ళు పత్రికను వదిలేసి ఒకరికొకరు రాసుకోవడం మొదలెట్టారు, 1930 కల్లా సొంతంగా చిన్న పత్రికలు తీశారు. మన దగ్గర కలకత్తా వాళ్ళు చాలా ముందు. 1963లో అద్రీష్ బర్ధన్ 'ఆశ్చర్య' అని సైన్స్ ఫిక్షన్‌కే ఒక పత్రిక పెట్టారు, 1966లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్ కూడా వచ్చింది. తెలుగు వారపత్రికల ఉత్తరాల పేజీలో ఎక్కువగా పేరూ ఊరూ ఉండేవి, అంతే. "రమేశ్, కడప" అంటే ఏ రమేశ్ అని వెతకాలి? చిరునామాలన్నీ అద్దె షాపు ఓనరు రిజిస్టర్లో ఉండేవి, డిపాజిట్ కోసం.

పచ్చసిరా ఎవరిదో ఆ ఓనరే బతిమాలగా బతిమాలగా చెప్పాడట. సరిగ్గా అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని అందరూ భయపడిన రోజుల్లో. "ఊర్లల్లో కోళ్ళన్నీ కోసుకోని తినేసినారు, ఎట్లా పోతాం గదా అని. మేం నలుగురం మాత్రం టీకొట్టు కాడ కూర్చోని అది యాడ పడుతుందో లెక్కలేస్తాంటిమి." 1979 జులై 11న అది పోయి పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. వీళ్ళ ఆదివారం టీ మాత్రం ఆగలేదు. విశాలాంధ్ర వాళ్ళ దగ్గర రష్యన్ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. 'సంవేదన' పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) మాస్కో వెళ్ళి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా చేశారు కాబట్టి, ఏ రష్యన్ పుస్తకం చూసినా మా రారా చెయ్యి పడిందేమోనని వెతికేవాళ్ళట. తర్వాత బదిలీలు, పెళ్ళిళ్ళు. 1991లో సోవియట్ యూనియనే పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. అదే ఏడాది కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్ళే సినిమా 'ఆదిత్య 369' వస్తే నలుగురిలో మిగిలిన ఇద్దరూ చూశారు.

మధ్యాహ్నం బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళాం. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే కట్టారు. పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యానికి ఉన్న రాతప్రతులన్నీ ముందేసుకుని పాఠభేదాలు సరిచూయించిన చోటు. "మనమూ అదే పని చేసినాం, జీతం లేకుండా" అని మాస్టారు ఒకటే నవ్వు. నాకది మరీ జోక్‌గా అనిపించలేదు. రాతప్రతుల్ని ఇంత జాగ్రత్తగా దాచుకుంటాం గానీ, ఆ షాపు రిజిస్టరు దాచాలని ఎవరికీ తట్టలేదు. అదీ కిలోల లెక్కనే పోయింది.

సాయంత్రం పచ్చసిరా ఆయనకి ఫోన్ కలిపారు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నారు. నేనెవరో చెప్పడం పూర్తికాకముందే, 'ఆదిత్య 369'లో రాయలవారి కాలానికి వెళ్ళినవాళ్ళు అక్కడ అంత హడావిడి చేసి కూడా చరిత్ర మారలేదంటే ఎట్లా ఒప్పుకుంటామని మొదలెట్టారు. మాస్టారు ఫోన్ లాక్కుని అది సినిమా అబ్బీ అంటారు, ఈయన వినరు. "రేపు వచ్చేయండి సార్, ఆ చివరి పేజీ కథ కూడా చెప్తా" అన్నారు. రాత్రికే తిరుగు టికెట్ క్యాన్సిల్ చేసి, పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కాను.