షైలాక్ ఉంగరం

ఆదివారం. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఫోన్‌లో షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకం పెట్టుకున్నాను. పక్కన అక్క కూతురు. దానికి కోర్టు సీను ఒక్కటే తెలుసు, సిలబస్‌లో ఉంది కాబట్టి. వెనిస్ వ్యాపారి ఆంటోనియో, యూదు వడ్డీవ్యాపారి షైలాక్ దగ్గర అప్పు తీసుకుంటాడు, గడువుకు తీర్చకపోతే ఒంట్లోంచి పౌను మాంసం ఇస్తానని పత్రం రాసి. తీర్చలేకపోతే వ్యవహారం కోర్టుకెక్కుతుంది. మాంసం కోసుకో, రక్తం చుక్క రాలకూడదు అని లాయరు వేషంలో వచ్చిన పోర్షియా అనగానే చప్పట్లు కొట్టేసింది.

దెబ్బ బాగానే ఉంటుంది. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి భాగం. అసలైనా ఇప్పించండి, పోతానంటాడు షైలాక్. ఇవ్వరు. సరే, వద్దు, వెళ్తానంటే వెళ్ళనివ్వరు. పౌరుడి ప్రాణం తీయబోయిన పరదేశికి ఇంకో చట్టం ఉందంటారు. ఆ ఊళ్ళోనే బతుకుతున్నా యూదుడు పరదేశే మరి. ఆస్తిలో సగం పోతుంది, పైగా మతం మారాలని ఆంటోనియో షరతు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు దయ! ఆ అప్పు మూడువేల డకట్లకు (వెనిస్ బంగారు నాణేలు) షైలాక్ వడ్డీ అడగలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మాంసం అడిగాడనుకోండి, అది వేరే కథ.

"అసలు యూదులు వడ్డీ వ్యాపారమే ఎందుకు చేయాలి పిన్నీ?" అంది.

చేయనిచ్చిన పనులు అలాంటివే. 1516లో వెనిస్ యూదులను గెట్టోలో, అంటే వాళ్ళకని విడిగా కేటాయించిన పేటలో, పెట్టింది. రాత్రయితే గేట్లకు తాళం, కాపలావాళ్ళ జీతం మాత్రం లోపలున్న వాళ్ళే కట్టుకోవాలి. అప్పులివ్వడం, పాతబట్టల వ్యాపారం, వైద్యం లాంటివి కొన్ని వదిలారు. ఇంగ్లండ్ అయితే 1290లోనే దేశం నుంచి వెళ్ళగొట్టింది. నాటకం 1596-97 ప్రాంతంలో రాసింది. చూడడానికొచ్చిన లండన్ జనంలో చాలామందికి యూదుడంటే చెప్పుడు మాటలే.

"పొడిస్తే మాకు రక్తం రాదా" అన్న షైలాక్ మాటలు అందరూ చెబుతారు. నన్ను పట్టేది అదే సీనులో కాసేపటికి వచ్చే ఉంగరం. కూతురు జెస్సికా నగానట్రా తీసుకుని ప్రియుడితో వెళ్ళిపోతుంది. వాటిలో ఒక ఉంగరం ఇచ్చి కోతిని కొనుక్కుందని కబురొస్తుంది. అది పెళ్ళికి ముందు నా భార్య లేయా నాకిచ్చింది, అడవి నిండా కోతులిస్తానన్నా ఇచ్చేవాణ్ణి కాదు, అంటాడు షైలాక్. కాస్త ముందే, కూతురు నా కాళ్ళ దగ్గర చచ్చిపడి ఉన్నా బావుండు, చెవులకు ఆ నగలుంటే చాలు, అన్నవాడూ వీడే. మంచివాడేం కాదు.

కానీ హీరో, పోర్షియా మొగుడు బసానియో ఏం చేశాడు? ప్రాణం పోయేదాకా తీయనని ఒట్టు పెట్టి తొడుక్కున్న పోర్షియా ఉంగరాన్ని, లాయరు వేషంలో ఉన్న ఆ పోర్షియానే అడిగితే, గుర్తుపట్టక ఇచ్చేశాడు. ఐదో అంకం చాలావరకు దాని మీద జోకులే. డబ్బు పిచ్చోడని అందరూ తిట్టే మనిషి ఒక్కడే ఉంగరానికి వెల కట్టలేదు. నాటకం ఆ మాట గమనించనట్టే సాగిపోతుంది.

1943లో నాజీల ఏలుబడిలోని వియన్నాలో నటుడు వెర్నర్ క్రౌస్ షైలాక్ పాత్రను అసహ్యం పుట్టేలా వేశాడని చెబితే, "మరి సిలబస్‌లో ఎందుకు పెట్టారు?" అని అడిగింది. పెట్టాలి, ఆ ఉంగరం సీను కూడా పెట్టాల్సింది, అన్నాను. మాకు పరీక్షలో పోర్షియా తెలివితేటల మీదే వస్తుందంటూ లేచి స్నానానికి వెళ్ళింది.