పోర్ట్స్‌మౌత్ గోడల మీద నడక

ఆదివారం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మౌత్ వెళ్లాం. పాత ఊళ్లో రౌండ్ టవర్ ఎక్కితే ఓడరేవు ముఖద్వారం కాళ్ల కిందే ఉన్నట్టుంటుంది. 1418లో మొదలుపెట్టిన బురుజు అది. ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లే ఫెర్రీలు ఎంత దగ్గరగా వెళ్తాయంటే, డెక్ మీది పిల్లలు చేతులూపితే మనమూ ఊపాల్సిందే.

అక్కణ్నుంచి కోట గోడల మీదుగా సౌత్‌సీ తీరం వైపు నడిచాం. 1805లో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఈ తీరంలోనే పడవెక్కి తన ఓడ విక్టరీని చేరాడు. ట్రఫాల్గర్ నౌకాయుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఇంకాస్త ముందుకెళ్తే ఎనిమిదో హెన్రీ 1544లో కట్టించిన కోట. మరుసటి ఏడాదే తన యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోవడం రాజు ఇక్కణ్నుంచే చూశాడంటారు. దాని అవశేషాలను 1982లో గానీ పైకి తీయలేదు. ఎదురుగా అంత అమాయకంగా ఉన్న నీళ్లను చూస్తే నమ్మబుద్ధి కాదు. నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే.

బీచ్ మాత్రం అంతా గులకరాళ్లే. వైజాగ్ ఇసుకకు అలవాటుపడ్డ కాళ్లకు అదో శిక్ష! మా వాడికి అవేం పట్టలేదు. నీళ్ల మీంచి నేరుగా ఒడ్డెక్కేసే హోవర్‌క్రాఫ్ట్‌ను చూసి కదలనంటే కదలనన్నాడు. చిప్స్ కొనిపెడతానంటే కదిలాడు. అందులో ఒకటి సీగల్ ఎత్తుకుపోయింది, మిగతావి నేను తినేశాను.