ఒంటరి ప్రయాణానికి తొలి సెయిల్ బోటు: ముందు మన మొగ లోతు చూడండి

తెరచాప బోటు కొనాలనుకునేవాళ్ళు ముందు పొడవు గురించి అడుగుతారు. 24 అడుగులా, 30 అడుగులా అని. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఉండి ఒక్కరే నడపాలనుకుంటే ముందు అడగాల్సింది, ఆ బోటు నీళ్ళలో ఎంత లోతుకు దిగుతుందని. ఈ ఒక్క అంకె తేలితే మిగతా ఎంపికలో సగం తేలిపోతుంది.

మన దగ్గర మెరీనాలు లేవు. కృష్ణపట్నంలో లోతైన కాలువ ఉంది కానీ అది పెద్ద ఓడల కోసం తవ్వింది. జువ్వలదిన్నె రేవు కట్టింది వేట బోట్ల కోసం. సొంత సరదా బోటుకు ఈ రెండు చోట్లా ఏడాది పొడవునా చోటు దొరుకుతుందని లెక్క వేసుకోవద్దు. మిగిలేవి ఉప్పుటేర్లు, ఏటి మొగలు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్లు. పెన్న, స్వర్ణముఖి, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ, ఏ మొగ చూసినా ఇసుక కదులుతూనే ఉంటుంది. నైరుతి కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. ఎండాకాలం ఏట్లో నీటి తోపు తగ్గి ఇసుక తిన్నె అడ్డం పడుతుంది. వరదొస్తే కొట్టుకుపోయి దారి మళ్ళీ తెరుచుకుంటుంది. పోయినేడు దారి ఉన్నచోట ఈ ఏడు మోకాలి లోతే ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకీ పాటుకీ తేడా మీటరు అటూ ఇటూ. అష్టమి, నవమి రోజుల్లో అందులో సగం కూడా రాదు. ఒక మొగలో పాటు నీళ్ళప్పుడు తిన్నె మీద 0.8 మీటర్లు ఉందనుకుందాం. పెద్ద పోటుకు అది 1.7 మీటర్లు అవుతుంది. అల కిందికి దిగినప్పుడు అడుగు తగలకుండా కనీసం అర మీటరు వదలాలి. కాబట్టి 0.9 మీటర్లు దిగే బోటుకు 1.4 మీటర్ల నీళ్ళు చాలు, పోటు నిండే సమయానికి కాస్త అటూ ఇటూ దాటొచ్చు. 1.4 మీటర్లు దిగే బోటుకు 1.9 కావాలి. అంటే ఆ మొగలో దానికి ఏ రోజూ దారి లేదు. బోటు చూడటానికి ముందే, మీరు ఉంచాలనుకున్న ఏట్లో ఫైబర్ బోటు మాట్లాడుకుని, తాడుకు సీసం గుండు కట్టి పాటు నీళ్ళప్పుడు తిన్నె లోతు కొలవండి. దారి ఎటు తిరిగిందో ఆ ఊళ్ళో వేటకెళ్ళే పట్టపోళ్ళను అడగండి. మ్యాపుల కంటే వాళ్ళ మాట తాజాగా ఉంటుంది.

అందుకే కీల్ రకం దగ్గర పట్టుదలగా ఉండాలి. బోటు అడుగున బరువుగా దిగే భాగమే కీల్. అదే బోటు పక్కకి ఒరిగిపోకుండా నిలబెడుతుంది. లోతుగా ఒకటే దిగే ఫిన్ కీల్ గాలికి ఎదురెక్కడంలో మేలు, మన మొగల్లో చేటు. పైకి లాగే లిఫ్ట్ కీల్ లోతు తగ్గించుకుంటుంది, కానీ దాని గూట్లోకి ఇసుక, ఆలిచిప్పలు చేరి ఇరుక్కుంటుంది. లాగే తీగ లోపల తుప్పు పట్టినా కనపడదు. నా ఓటు రెండు కాళ్ళ ట్విన్ కీల్‌కే. ఎదురుగాలికి కొంచెం వెనకబడుతుంది, నిజమే. కానీ పాటుకు ఏట్లో నీళ్ళు తగ్గితే బురద మీద నిటారుగా కూర్చుంటుంది. అడుగు గోకి రంగు వేయడానికి క్రేను అక్కర్లేదు, రెండు పాట్ల మధ్య పని అయిపోతుంది. క్రేనే దొరకని తీరంలో ఇది చిన్న విషయం కాదు.

ఉదాహరణకు రెండు పాత బ్రిటిష్ బోట్లు తీసుకోండి, రెండూ 26 అడుగులే. కాంటెస్సా 26 పొడవు కీల్ బోటు. 1985 నుంచి 1987 దాకా తానియా ఏబీ అనే అమ్మాయి దాదాపు ఒంటరిగా ప్రపంచం చుట్టింది దీంట్లోనే. ఇది 1.2 మీటర్లు దిగుతుంది. వెస్టర్లీ సెంటార్ ట్విన్ కీల్ బోటు, 0.9 మీటర్లే దిగుతుంది. నడి సముద్రంలో మొదటిది మేటి. మన ఏట్లో పెట్టుకుని వారాంతాల్లో తీసేవాళ్ళకు రెండోదే పనికొస్తుంది. ఇవే కొనమని చెప్పడం లేదు, ఈ తరహా కొలతలు వెతకమంటున్నాను.

నిలకడకు ఒక పాత సూత్రం ఉంది. బోటు బరువును పౌండ్లలో తీసుకుని 64తో భాగించి, దాని ఘనమూలం కట్టండి. బోటు వెడల్పును అడుగుల్లో తీసుకుని ఆ అంకెతో భాగించండి. 2 కంటే తక్కువ వస్తే పల్టీ కొట్టినా తిరిగి లేచే గుణం మెరుగని అర్థం. కాంటెస్సాకు 1.7, సెంటార్‌కు 1.8 దగ్గర వస్తుంది. ఇది మొదటి జల్లెడ మాత్రమే, బరువు ఎంత కిందికి ఉందో ఇది చెప్పదు. అందుకే కీల్ బరువు మొత్తం బరువులో మూడో వంతుకు తగ్గకుండా ఉందా అని కూడా చూడండి.

పొడవు విషయానికొస్తే, ఒంటరికి 22 నుంచి 27 అడుగులు సరైన పరిధి. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు. 10 నాట్స్‌లో ఒక చేత్తో లాగిన తాడు 20 నాట్స్‌లో రెండు చేతులకూ లొంగదు. 26 అడుగుల బోటుకు 10 నుంచి 12 కిలోల లంగరు చాలు, మనిషి చేత్తో ఎత్తగలడు. 32 అడుగులు దాటితే లంగరుకు మోటారు, తెరల తాళ్ళు లాగడానికి పెద్ద వించీలు, వాటికి పెద్ద బ్యాటరీలు, ఇలా ఖర్చు పెరుగుతూ పోతుంది. చిన్న బోటుతో పోయేది వేగం. నీటి గీత దగ్గర పొడవు 20 అడుగులుంటే గరిష్ఠంగా 6 నాట్స్, సగటున 4 వస్తే సంతోషం. కృష్ణపట్నం నుంచి చెన్నై 70 నాటికల్ మైళ్ళు, అంటే 17, 18 గంటలు. రాత్రి సముద్రంలో గడపక తప్పదు.

ఆ రాత్రి చుక్కాని ఎవరు పట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు లేని బోటు ఒంటరికి పనికిరాదు. చక్రం కంటే కర్ర పిడి ఉన్న టిల్లర్ మంచిది. దానికి తనంతట తానే చుక్కాని పట్టే చిన్న కరెంటు యంత్రం, టిల్లర్ పైలట్, తగిలిస్తే సరిపోతుంది, అది చెడితే సాగే రబ్బరు తాడుతో కట్టి కూడా కాసేపు నడిపించొచ్చు. పైలట్‌కు సగటున 1 ఆంపియర్, అంటే గంటకు 1 ఆంపియర్ అవర్ పడుతుంది. దీపాలు, ఓడల జాడ చెప్పే ఏఐఎస్, వీహెచ్‌ఎఫ్ రేడియో కలిపితే రోజుకు 40 ఆంపియర్ అవర్లు. మన ఎండకు 100 వాట్ల పలక 30 దాకా ఇస్తుంది కాబట్టి 150 వాట్లకు తగ్గొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికంటే ఎక్కువ వాడితే ఆయువు పోతుంది, 100 ఆంపియర్ అవర్లవి రెండు పెట్టండి. దూర ప్రయాణాలకు కరెంటే అడగకుండా గాలి వాటంతోనే చుక్కాని తిప్పే విండ్ వేన్ మేలు, అది మొదటి ఏడాదికి అక్కర్లేదు.

నిద్ర గురించి ఉన్నమాట చెప్పాలి. 15 నాట్స్‌తో వచ్చే ఓడ 5 మైళ్ళ దూరంలో కనపడితే మీ దగ్గరికి రావడానికి 20 నిమిషాలే. అందుకే ఒంటరి నావికులు అలారం పెట్టుకుని 15, 20 నిమిషాల కునుకులు తీస్తారు. మన తీరంలో ఒడ్డుకు 15 మైళ్ళ లోపల ఆ కునుకు కూడా వద్దు. ఏఐఎస్ లేని ఫైబర్ బోట్లు, చిన్న దీపంతో వదిలిన వలలు అడుగడుగునా ఉంటాయి.

వలల సంగతి ఎంపికలోనే చూసుకోవాలి, విదేశీ పుస్తకాలు దీనికి తగిన చోటివ్వవు. థర్మాకోల్ బెండ్లు, ఖాళీ క్యాన్లు కట్టిన వలలు మైలు పొడవున కూడా తేలుతుంటాయి, రాత్రిపూట కనపడవు. పొడవు కీల్ వెనకే అతుక్కుని ఉండే చుక్కానికి వల చిక్కుకోదు, జారిపోతుంది. విడిగా కిందికి వేలాడే స్పేడ్ చుక్కాని అయితే వల దాని ముందంచుకు, సందులోకి ఎక్కి ఇరుక్కుంటుంది. ట్విన్ కీల్ బోట్లలో చుక్కాని ముందు స్కెగ్ అనే దిమ్మె ఉన్నది ఎంచుకోండి, స్కెగ్ కింది కొసకీ చుక్కానికీ మధ్య సందు ఉంటే చిన్న స్టీలు పట్టీ బిగించండి. వల తగిలిందనిపిస్తే వెంటనే ఇంజను న్యూట్రల్‌లో పెట్టి తెర దించండి, గాలి ఒత్తిడి తగ్గితే చాలాసార్లు వల దానంతటదే జారుతుంది. పొడవు కర్రతో అడుగు తాడును కిందికి తొయ్యండి. కత్తి ఆఖరి మాట. ఆ వల ఒక ఇంటి జీవనాధారం. కోయక తప్పకపోతే ఆ బోటువాళ్ళను వెతికి నష్టం కట్టివ్వాలి.

తెరల అమరికలో ఒకే మాస్ట్ (తెరచాప కొయ్య), రెండు తెరల స్లూప్ తీసుకోండి. ముందు తెరకు చుట్టుకునే ఫర్లర్ ఉండాలి, దాని తాడు కూర్చునే చోటికే రావాలి. పెద్ద తెరను చిన్నది చేసే రీఫ్ వరుసలు రెండు కాదు, మూడు ఉండాలి. మాస్ట్ దగ్గరికి వెళ్ళకుండా రీఫ్ వేయగలిగితే ఇంకా మంచిది, కానీ ఆ తాళ్ళ కప్పీలు అరిగి బిగుసుకుని ఉంటే అది ఉన్నా లేనట్టే. ఒంటరిగా ఉన్నప్పుడు 5 నాట్స్ వేగంలో నీళ్ళలో పడితే నిమిషంలో బోటు 150 మీటర్లు వెళ్ళిపోతుంది, పైలట్ దాన్ని నడుపుతూనే ఉంటుంది. కాబట్టి బోటు ముక్కు నుంచి వెనక దాకా బిగించి, మనం నడుముకు తగిలించుకునే పట్టీలు, నీళ్ళలోంచి చేయి చాపి లాగితే దిగే నిచ్చెన, ఈ రెండూ మొదటి రోజే ఉండాలి.

ఇంజను దగ్గర నాకు మొహమాటం లేదు, బోటు బయట తగిలించే ఔట్‌బోర్డ్ వద్దు. ఫైబర్ బోటుకు అది బాగుంటుంది, మరమ్మతు చేసేవాళ్ళూ ఊరూరా ఉన్నారు. కానీ సెయిల్ బోటు వెనకంచుకు బిగిస్తే మొగ దాటేటప్పుడు, ఎగుడుదిగుడు అలల్లో ఫ్యాను నీళ్ళలోంచి లేచి గాల్లో తిరుగుతుంది. సరిగ్గా తోపు కావాల్సిన నిమిషంలోనే తోపు ఉండదు. లోపల 10 హార్స్‌పవర్ డీజిల్ ఉన్నది వెతకండి.

వాడిన బోట్లు ముంబై, గోవా, కొచ్చి, చెన్నై వైపు చేతులు మారుతుంటాయి. లారీలో తెస్తారు, మాస్ట్ దించి. వెడల్పు 2.6 మీటర్లు దాటితే రోడ్డు మీద ప్రత్యేక అనుమతి కావాలి, అందుకే బేరం కుదిరే ముందే టేపు పెట్టి కొలవండి. చూడటానికి వెళ్ళేటప్పుడు చిన్న ప్లాస్టిక్ సుత్తి, స్క్రూడ్రైవరు, టార్చి పట్టుకెళ్ళండి. బోటు పైతట్టు, అంటే డెక్ అంతా సుత్తితో, కొబ్బరికాయ తట్టి చూసినట్టు తట్టండి. టక్కుమంటే గట్టిది, బొదబొదమంటే లోపలి బల్సా చెక్క నీళ్ళు తాగి కుళ్ళింది. చేతి రైలింగు బోల్టులు, మాస్ట్ కాలు చుట్టూ ముందు చూడండి, నీళ్ళు దిగేది అక్కడే. మాస్ట్ తీగలను డెక్‌కు పట్టి ఉంచే చైన్ ప్లేట్లకు లోపలి వైపు తుప్పు చార ఉంటే మొత్తం విప్పి చూడక తప్పదు. మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగల వయసు 10, 12 ఏళ్ళు దాటితే, బిల్లు చూపించకపోతే, మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. అడుగున నీళ్ళు తీసుకునే కవాటాలను స్క్రూడ్రైవరుతో గీకండి, గులాబీ రంగు కనపడితే ఆ ఇత్తడిలోని జింకు పోయిందని అర్థం, ఏదో ఒక రోజు చేతిలోనే విరుగుతుంది. ట్విన్ కీల్ బోటులో కీల్ అతుకు దగ్గర పగుళ్ళు, లోపల బోల్టుల చుట్టూ తడి చూడండి. పాత సెంటార్లలో ఆ చోటు బలహీనమని పేరుంది, బలపరిచిన బోటు అయితే భయం లేదు. బోటును నీళ్ళలోంచి తీసి చూపించనంటే అక్కడితో బేరం ఆపండి.

డబ్బు తక్కువ, చేతిలో పని ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. జేమ్స్ వారమ్ గీసిన టికి 21 లాంటి ప్లైవుడ్ జంట పడవ ఇంటి ముందు షెడ్డులోనే కట్టుకోవచ్చు. దిగే లోతు అడుగుకు కాస్త ఎక్కువ, ఏ ఏట్లోకైనా వెళ్తుంది, ఇసుక మీదికి లాగొచ్చు. రోరీ మెక్‌డూగల్ అనే నావికుడు 1990ల్లో దీంతో ప్రపంచం చుట్టాడు. ప్లైవుడ్‌కు ఐఎస్ 710 ముద్ర చూడండి. ఆ ప్రమాణం ప్రకారం ముక్కను 72 గంటలు మరగబెట్టినా పొరలు విడకూడదు. మీరూ ఒక ముక్క మరగబెట్టి చూసి ఆ తర్వాతే షీట్లన్నీ కొనండి. లోపాలు కూడా తెలిసి ఉండాలి. బరువు ఎక్కువ ఎక్కిస్తే మందగిస్తుంది, నీడ తక్కువ, తిరగబడితే తనంతట తాను లేవదు. ఒక్కరికి ఏటి ప్రయాణాలు, తీరం వెంట పగటి ప్రయాణాలు అయితే నిశ్చింతగా తీసుకోండి.

కొత్త బోటును పరీక్షించడానికి జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం, అప్పుడు బోటు ఏట్లో లోపలికి, రెండు లంగర్ల మీద ఉండాలి. జూన్, జులైల్లో పడమటి గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది, ఇంజను ఆగితే ఒంటరి మనిషికి తిరిగి రావడం కష్టం. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే అల ఎత్తు, గాలి అంచనా చూడండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్ గోడ మీద రాసిపెట్టండి. దక్షిణానికి వెళ్తే శ్రీహరికోట ప్రయోగం ఉందేమో ముందే కనుక్కోండి, ఆ రోజుల్లో ఆ సముద్రం మూసేస్తారు.

పరీక్ష రోజు అమ్మేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ చేయి తగలకుండా మూడు పనులు చేయండి. 12 నాట్స్ గాలిలో ఒక్కరే రీఫ్ వేయడం. ముందు తెరను అడ్డంగా నిలిపి, టిల్లర్ కట్టేసి, బోటును నీళ్ళ మీద ప్రశాంతంగా ఆపడం. ఇంజను లేకుండా లంగరు వేసి మళ్ళీ చేత్తో ఎత్తడం. రెండోసారి ప్రయత్నించినా మూడింట్లో ఏది కుదరకపోయినా, ఆ బోటు ఎంత అందంగా ఉన్నా ఇద్దరు మనుషులదే.