తిథి చెప్పిన అమ్మకు సున్నా

మా అమ్మను మతిమరుపు పరీక్షకు మొదటిసారి తీసుకువెళ్లింది 2019లో. ఓపీలో మూడు గంటలు కూర్చున్నాక పిలుపు వచ్చింది. లోపలి యువ వైద్యుడు మర్యాదస్తుడే గాని, అమ్మ ఎదురుగా కూర్చుని ఉండగానే "ఎప్పటినుంచి మర్చిపోతున్నారు, అన్నం సొంతంగా తింటారా" అని ప్రశ్నలన్నీ నన్నే అడిగాడు. చివరకు ఒక కాగితం తీసి అమ్మ వైపు తిరిగి "ఇవాళ డేట్ ఎంతమ్మా?" అన్నాడు. అమ్మ తడుముకోకుండా "ఏకాదశి" అన్నది. ఆయన సున్నా వేయడం నాకు కనిపించింది. పొద్దుటినుంచి పాలు, రెండు అరటిపండ్లు తప్ప మరేమీ ముట్టని మనిషికి ఆ రోజు ఏమిటో తెలియదని రాసుకోవడం నాకు మింగుడు పడలేదు. "ఇది ఏ రాష్ట్రం?" అంటే "హైదరాబాద్ స్టేట్" అన్నది. అది తప్పే, ఒప్పుకుంటాను. అయితే 1943లో హైదరాబాదు శాలిబండలో పుట్టిన అమ్మ ఊరు మారకుండానే మూడు రాష్ట్రాలలో బతికింది: 1956 దాకా హైదరాబాద్, 2014 దాకా ఆంధ్రప్రదేశ్, ఆ తరువాత తెలంగాణ.

ఇలాంటి ప్రశ్నపత్రాలలో బాగా వాడుకలో ఉన్నది 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారు చేసిన 30 మార్కుల పరీక్ష. అందులో 10 మార్కులు కాలం, స్థలం చెప్పగలిగినందుకే. ఒక వాక్యం చదివి అందులో ఉన్నట్టు చేయాలి, మరొకటి సొంతంగా రాయాలి. బడి ముఖం చూడని వారికి ఆ మార్కులు పోయేది జబ్బు వల్లనా, చదువు లేకపోవడం వల్లనా అన్నది కాగితాన్ని బట్టి తేలదు.

ఆ చిక్కు బాగా ఎరిగిన పరిశోధన ఒకటి మన ఊళ్లోనే జరిగింది. అప్పట్లో పంజాగుట్ట నిమ్స్‌లో పనిచేసిన న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన దుగ్గిరాల వసంత తదితరులతో కలిసి, 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చిన వారితో పోలిస్తే వీరికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల అదనంగా కలిసొచ్చినదేమీ లేదు. అంతకు ముందు ఇలాంటి ఫలితాలు కెనడాలో వచ్చినప్పుడు, అక్కడ రెండు భాషల వారిలో చాలామంది వలస వచ్చినవారే కాబట్టి కారణం భాషా, వలసా అన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాదులో ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ రెండో భాష వీధిలోనే దొరుకుతుంది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మా అమ్మ లాడ్ బజార్‌లో గాజుల బేరం దక్కనీ ఉర్దూలోనే ఆడేది. ఇంటికి వచ్చి ఆ బేరం కథ తెలుగులో చెప్పేది. అయితే ఇవి ఒక ఆసుపత్రికి వచ్చిన రోగుల సగటు లెక్కలు. వాటిని బట్టి మా అమ్మకు ఎన్నేళ్లు కలిసొచ్చాయో చెప్పడం కుదరదు.

నాకు ఎక్కువగా పనికొచ్చింది మాత్రం వేరొకటి. ముసలివారితో పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడడాన్ని 'ఎల్డర్‌స్పీక్' అంటారు. నర్సింగ్ పరిశోధకురాలు క్రిస్టీన్ విలియమ్స్ బృందం కాన్సాస్‌లో వృద్ధాశ్రమాల వీడియోలు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మామూలుగా మాట్లాడినప్పటి కంటే ఇలా గారంగా మాట్లాడినప్పుడు డిమెన్షియా రోగులు మొరాయించే అవకాశం సుమారు రెట్టింపు. 2022లో మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక నర్సు "బంగారం, ఆ... అను, గుడ్ గాళ్" అంటూ చెంచా ఎత్తింది. అమ్మ పెదవులు బిగించి గోడ వైపు తిరిగింది. జబ్బు ముదిరిందని కేస్ షీటులో రాశారు.

మన భాషలో ఇది మరింత మెలికపడిన విషయం. 'మీరు' అంటే గౌరవం, 'నువ్వు' అంటే చులకన అని తేల్చేయడానికి వీలులేదు. తెలంగాణ ఇళ్లలో పెద్దవారిని ఏకవచనంలో పిలవడం దగ్గరితనమే. మా ఇంటికి వచ్చే ఆయా మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఆమె ఒక్కసారి కూడా 'మీరు' అనదు. కంచం ముందు పెట్టి, అమ్మ ముఖం కనిపించేలా పీట మీద కూర్చుని, "అవ్వా, చారు పోయాల్నా, పెరుగెయ్యాల్నా?" అని అడిగి ఆగుతుంది. ఆ ఆగడం ఒక్కోసారి నిమిషం దాటుతుంది. నాకైతే అంత ఓపిక ఉండదు, ఈలోపే పెరుగు వేసేసేదాన్ని. అమ్మకు ఇప్పుడు నా పేరు చాలా రోజులు గుర్తుండదు గాని, ఆయా అడిగిన దానికి మాత్రం ఏదో ఒకటి బదులు చెప్తుంది. మొన్న చారు పోయించుకుని రెండు ముద్దలు తిన్నాక "ఉప్పు తక్కువైంది" అన్నది. నేను రుచి చూశాను. తక్కువే.